కదలకూడని డబ్బు

మా పైఅంతస్తులో ఉండే అమ్మాయిని ఈ వీధిలో చిన్నా పెద్దా అందరూ కాళ్లక్క అంటారు. కొత్తగా విన్నవాళ్లు ఇదేం పేరమ్మా అని ముఖం చిట్లిస్తారు గానీ, అందులో వంక పెట్టడానికేమీ లేదు. ఆమె కాళ్లు తయారుచేస్తుంది. ప్రమాదంలోనో జబ్బువల్లనో కాలు పోగొట్టుకున్నవాళ్లకు కొలతలు తీసి, అచ్చు పోసి, కొత్త కాలు అమర్చి నడిపిస్తుంది. అలాంటి పని ఒకటుంటుందని నాకూ ఆమె మా మేడ మీదికి వచ్చాకే తెలిసింది. తెలిశాక చూడకుండా ఎలా ఉంటాను? ఒకరోజు ఆమె టిఫిన్ డబ్బా మరిచిపోయి వెళ్లింది. ఆమె తమ్ముడి భార్య పనికి తయారవుతుంటే, "నువ్వు ఉండమ్మా, నేనిచ్చొస్తాను" అని డబ్బా పుచ్చుకుని బస్సెక్కాను.

ఆ కార్ఖానా గోడ పొడవునా అరలున్నాయి. అరల నిండా పాదాలు. పసిపిల్లల పాదాల దగ్గర్నుంచి పహిల్వానుల పాదాల దాకా, వేళ్లన్నీ ఒకే వైపుకు తిరిగి, పెళ్లివారింటి గుమ్మం ముందు చెప్పుల్లా బారులు తీరి ఉన్నాయి. నేల మీద, బల్లల మీద, మనుషుల కనుబొమల మీద తెల్లటి సున్నప్పొడి. ఒక మూల పెద్ద పొయ్యిపెట్టె. అందులోంచి మెత్తబడ్డ ప్లాస్టిక్ రేకును తీసి, ఇద్దరు చెరోపక్కా పట్టుకుని, తడిగుడ్డ కప్పినట్టు అచ్చు మీద కప్పేస్తారు. గదికి అవతలి కొసన నిలువెత్తు అద్దం, దాని ముందు రెండు కమ్మీలు. కొత్త కాలు తొడుక్కున్నవాళ్లు ఆ కమ్మీలు పట్టుకుని అద్దంలో తమను తాము చూసుకుంటూ నడుస్తారు. ఆ పూట ఒక లారీ డ్రైవరు నడుస్తున్నాడు. కాళ్లక్క అతని కాళ్లవైపు చూడకుండా భుజాలవైపు చూస్తోంది.

"కాలు పెట్టి భుజం చూస్తావేమే?" అన్నాను.

"కాలు అబద్ధమాడుతుంది పెద్దమ్మా, భుజం ఆడదు" అంది.

ఆమె అక్కడ చేరింది కాళ్లు చేయడానికి కాదు, ఆ సున్నప్పొడి ఊడవడానికి. తండ్రి పోయిన ఏడాది, తమ్ముడింకా బడిలో ఉండగా చేరింది. ఊడుస్తూ ఊడుస్తూ చూసింది, చూస్తూ చూస్తూ చేయి పెట్టింది. సాయంత్రం క్లాసులకు వెళ్లి డిప్లమా పూర్తిచేసింది. ఆ తరవాత తమ్ముణ్ణి చదివించి, డ్రైవింగ్ స్కూల్లో మాస్టారుగా కుదిర్చి, పెళ్లి చేసింది. ఆ తమ్ముడే ఇప్పుడు సొంతంగా ఒక కారుతో స్కూలు నడుపుతున్నాడు. మరదలు మందుల దుకాణంలో లెక్కలు చూస్తుంది. ముగ్గురూ పైన రెండు గదుల్లో ఉంటారు.

ఇంత సాఫీగా సాగుతున్న బతుకులో విదేశం చదువు ఎక్కణ్ణుంచి ఊడిపడిందంటారా? ఒక కూరగాయల ఆవిడ వల్ల ఊడిపడింది.

ఆవిడకు మోకాలి పైదాకా కాలు తీసేశారు. కాళ్లక్క శ్రద్ధగా కాలు చేసి ఇచ్చింది. నెల తిరక్కుండా ఆవిడ ఆ కాలును సంచిలో పెట్టి తెచ్చి బల్ల మీద పెట్టిందట. "నడవడానికి బాగానే ఉందమ్మా. కానీ నాకు నడిచే పనెక్కడిది? నేల మీద కూర్చుని అమ్ముకునేదాన్ని. నాకు కూర్చుని లేచే కాలు కావాలి" అని చెప్పి, చంకకర్ర తగిలించుకుని వెళ్లిపోయిందట. అలా వంగే మోకాలు బయటి దేశాల నుంచి వస్తుంది, ఖరీదు చూస్తే ఆవిడ జీవితకాలం కూరలన్నీ అమ్మినా చాలదు. ఆ రోజు కాళ్లక్క ఇంటికొచ్చి మెట్ల మీదే కూలబడింది. "మోకాలు ఎలా చేస్తారో మాకెవరికీ రాదు పెద్దమ్మా. పెట్టెలో వస్తే బిగిస్తాం. అంతే మా విద్య" అంది.

ఆ మాట పట్టుకుని ఏడాది తిరిగింది. మోకాలు చేయడం నేర్పే విశ్వవిద్యాలయం సముద్రాల అవతల ఉందని కనుక్కుంది. దరఖాస్తులు పెట్టింది, ఇంగ్లీషు పరీక్షకు కూర్చుంది. ఆ రోజుల్లో పైనుంచి గట్టిగా ఇంగ్లీషు వినబడుతుంటే వదినా మరదళ్లు తిట్టుకుంటున్నారేమో, తెలియని భాషలో తిట్టుకోవడం మర్యాదే కదా అనుకున్నాను. తరవాత తెలిసింది, ఒకామె చదువుతుంటే రెండో ఆమె గడియారం పట్టుకుని కూర్చునేదట.

సీటు వచ్చింది. ఫీజులో సగం వాళ్లే మాఫీ చేశారు. ఆ ఉత్తరం పట్టుకుని ఆమె మేడ దిగిన తీరు చూడాలి, మెట్లన్నీ తన కాళ్ల కిందికి వాటంతటవే వస్తున్నట్టు దిగింది. కానీ వీసా కావాలంటే మిగతా సగం ఫీజు, అక్కడ ఏడాదిపాటు తిండికీ అద్దెకూ అయ్యే ఖర్చు చూపించాలి. తను పదేళ్లుగా దాచింది చాలా వరకు సరిపోయింది. తక్కువ పడ్డదాన్ని తమ్ముడు పూడ్చాడు. రెండో కారు కొందామని కూడబెట్టుకున్న డబ్బు తెచ్చి అక్క ఖాతాలో వేసేశాడు. "కారు వచ్చే ఏడాదీ దొరుకుతుంది. మా అక్కకు సీటు మళ్లీ దొరుకుతుందా" అన్నాడు. మరదలు ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు. అది రాసిపెట్టుకోవలసిన సంగతి.

అప్పుడు వీసా కాగితాలు చూసిపెట్టే కన్సల్టెన్సీ ఆయన వచ్చాడు. టై కట్టుకుని, చేతిలో ఫైలు పెట్టుకుని, ఒక్కో గుమ్మం దగ్గరా బూట్లు విప్పుతూ తొడుగుతూ. పైకి వెళ్లేముందు నేను మెట్ల దగ్గరే ఆపాను.

"డబ్బు ఉందని చూపిస్తే చాలుగా బాబూ?"

"చూపించడం ఒక్కటే కాదండీ. పూర్తిగా నెల రోజులు ఆవిడ ఖాతాలో ఉండాలి."

"ఉండి ఏం చేస్తుంది?"

"ఏమీ చెయ్యదండీ. ఊరికే ఉంటుంది."

"మా బిల్డింగులో ఊరికే ఉండేది ఇంతవరకు లిఫ్టు ఒక్కటే బాబూ" అన్నాను. ఆయన నవ్వలేదు. ఆయన పైకి మెట్లెక్కే వెళ్లాల్సి వచ్చింది కదా.

నేను హాస్యానికన్నా, అందులో ఉన్నది నిజమే. మా బిల్డింగులో డబ్బు ఏనాడూ ఒకచోట కూర్చోలేదు. జీతాలు ఒక్కొక్కరికి ఒక్కో తారీఖున వస్తాయి, అవసరాలు మాత్రం తారీఖులు చూసుకుని రావు. అందుకని చేబదులు నడుస్తుంది. కింది ఇంటి డబ్బు పై ఇంటి బడిఫీజు కడుతుంది. పై ఇంటి డబ్బు పక్కింటి కరెంటు నిలబెడుతుంది. దీనికి ఒక కట్టుబాటుంది. పొద్దున తీసుకున్నది వీధిలైట్లు వెలిగేలోపు తిరిగి ఇచ్చేస్తే అది అప్పు కిందికి రాదు. దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు, మళ్లీ ఎత్తరు. ఒకరి గొడుగు తీసుకుని వాన వెలిశాక తెచ్చి తలుపు పక్కన పెట్టినట్టే. ఇక లేదని చెప్పడం అంటారా, చేతిలో పెట్టుకుని లేదనడం మాకు చెంపదెబ్బతో సమానం.

అలాంటి చోట ఒకమ్మాయి ఖాతాలో అంత డబ్బు కడుపులో చల్ల కదలకుండా కూర్చుందంటే ఊరుకుంటారా? నా నోట్లో నువ్వుగింజ నానదని మావాళ్లంటారు గానీ, ఈ సంగతి నేను చెప్పకముందే పాకింది. రెండో అంతస్తు నర్సు వచ్చి, "ఊరికే పడుందట కదే, ఎల్లుండి ఇచ్చేస్తా" అంది. కేబుల్ ఆయన వచ్చాడు. టీచరమ్మ తన కోసం కాదంటూ తన చెల్లెలి కోసం వచ్చింది. కాళ్లక్క అందరికీ దణ్ణం పెట్టి చెప్పింది. ఎల్లుండికి కుదరదు, వారానికి కుదరదు, ఒక్క రాత్రి కూడా కుదరదు అని. చెప్పిన ప్రతిసారీ వచ్చి నా అరుగు మీద కూర్చుని నీళ్లడిగేది. ఎవరికైనా లేదనడం ఆమెకు అంత బరువు పని.

నెలలో మూడొంతులు అలా నెట్టుకొచ్చింది. అప్పుడు ఇస్త్రీ బాబాయ్ వచ్చాడు.

ఆయన గురించి చెప్పాలి. మా మెట్ల కింద ఉన్న చిన్న గూడులో ఆయన బల్ల, ఇస్త్రీపెట్టె, ఒక రేడియో. మనిషి మాట్లాడేది తక్కువ. చొక్కా మడత చూసి ఎవరు ఇంటర్వ్యూకి వెళ్తున్నారో, ఎవరు చావుకి వెళ్తున్నారో చెప్పగలడు. నాకు తెలిసినంతలో ఎవరి దగ్గరా చేయి చాచిన మనిషి కాదు. ఆ రోజు పొద్దున్నే పెట్టె వేడెక్కుతుండగానే వదిలేసి మెట్లెక్కాడు. పెయింటింగ్ పనికి వెళ్లిన కొడుకు నిచ్చెన మీంచి పడి చేయి విరిగింది. ఎముక బయటికొచ్చింది, వెంటనే ఆపరేషన్ చేయాలి. ఆసుపత్రి కౌంటర్లో ముందు డబ్బు కడితేగాని లోపలికి తీసుకోమన్నారు. పని ఇచ్చిన కంపెనీ బీమా డబ్బు మధ్యాహ్నానికి వస్తుందట.

"సాయంత్రానికి ఇచ్చేస్తాను తల్లీ. లైట్లు వెలిగేలోపే" అన్నాడు.

ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆ మాటలో ఆలోచించడానికేముంది? వీధిలైట్ల లోపు అంటే ఇవ్వనట్టే లెక్క. ఫోన్ తీసి నొక్కింది. ఆసుపత్రికి డబ్బు చేరింది, కుర్రవాణ్ణి లోపలికి తీసుకున్నారు. ఇస్త్రీ బాబాయ్ కూడా మాట మీదే నిలబడ్డాడు. బీమా డబ్బు రాగానే, కొడుక్కి ఇంకా మత్తు పూర్తిగా వదలకముందే, కూతురి ఫోన్ నుంచి మొత్తం తిరిగి వేయించాడు. ఆ సాయంత్రం గూడు ముందు నిలబడి వీధి స్తంభం వైపు చూసి, "ఇంకా వెలగలేదు చూశావా అక్కా" అన్నాడు నాతో. ఆయన ముఖంలో అంత తృప్తి నేనెప్పుడూ చూడలేదు.

నెల నిండింది. కన్సల్టెన్సీ ఆయన బ్యాంకు కాగితాలు తెప్పించి పైకి తీసుకెళ్లాడు. నేను వెనకే వెళ్లాను, కాఫీ ఇచ్చే వంకన. ఆయన వేలు కాగితం మీద కిందికి జారుతూ జారుతూ ఒక్కచోట ఆగిపోయింది.

"మేడమ్, ఈ రోజు డబ్బు బయటికెళ్లింది."

"అవునండీ. అదే రోజు వచ్చేసింది కూడా. చూడండి, కిందనే ఉంది."

"వచ్చింది నిజమే. కానీ ఆ రోజు మీ ఖాతాలో ఉండాల్సింది లేదు. ఒక్క గంట తగ్గినా తగ్గినట్టే. నెల మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాలి."

"లైట్లు వెలగకముందే వచ్చేసింది" అంది ఆమె.

"ఏ లైట్లండీ?"

తమ్ముడు నెత్తిన చేయి పెట్టుకున్నాడు. మళ్లీ నెల లెక్కపెడితే కళాశాల తెరిచే తేదీ దాటిపోతుంది. ఇంతకాలం కష్టపడి ఇంత దూరం వచ్చి, తీరా గుమ్మం ముందు ఆగాల్సి వచ్చింది.

కన్సల్టెన్సీ ఆయన కాసేపు ఫైలు సర్ది, గొంతు తగ్గించాడు. "ఒక దారి ఉంది మేడమ్. ఆ ఒక్క వరస లేకుండా కాగితం తయారుచేసేవాళ్లున్నారు. అందరూ చేయించుకునేదే."

నిజం చెప్పాలంటే, ఆ ఒక్క వరస పోతే లోకం ఏం మునిగిపోతుందిలే అని నాకే అనిపించింది. తమ్ముడు అక్క ముఖంలోకి చూస్తున్నాడు. వాడి కారు డబ్బు కదా.

"వద్దండీ" అంది ఆమె. "మేము కొలత తప్పు తీస్తే, తరవాత ఎంత చెక్కినా ఆ మనిషి జన్మంతా కుంటుతాడు. అక్కడికి వెళ్లాక ప్రతి రోజూ ఆ కాగితం ఎప్పుడు బయటపడుతుందోనని చూసుకుంటూ నేను నడవలేను."

ఆ రాత్రే కూర్చుని విశ్వవిద్యాలయానికి తనే రాసింది. డబ్బు ఎందుకు తీసిందో, ఎవరికిచ్చిందో, ఎప్పుడు తిరిగొచ్చిందో ఉన్నది ఉన్నట్టు. వచ్చే విడతలో చేరనిస్తారా అని అడిగింది. జవాబు రావడానికి చాలా రోజులు పట్టింది. సీటు అట్టిపెడతామన్నారు. ఫీజు మాఫీ మాత్రం మళ్లీ పరిశీలించాలన్నారు. పరిశీలించి సగం కాదు, పావు ఇచ్చారు.

ఆ తేడా పూడ్చడానికి ఆమె సాయంత్రాలు ఇంకో క్లినిక్కులో నడుం పట్టీలు, మెడ పట్టీలు చేయడానికి కుదిరింది. తమ్ముడు కారు ఊసెత్తలేదు. ఎత్తకపోవడం కూడా కనబడుతూనే ఉండేది. ఒకే కారుతో పొద్దున చీకటితో మొదలుపెట్టి రాత్రిదాకా నేర్పేవాడు. నేర్చుకునేవాళ్లు గేరు గీరుమనిపించినప్పుడల్లా ఆ కారు పోతే ఎలా అని మరదలు ఉలిక్కిపడేది.

బిల్డింగంతటికీ సంగతి తెలిసింది. ఎవరూ ఎవర్నీ నిందించలేదు. ఇస్త్రీ బాబాయ్ మాత్రం రేడియో పెట్టడం మానేశాడు. "ఇచ్చేసిన డబ్బు ఇవ్వనట్టు ఎలా అవుతుందక్కా?" అని నన్ను ఒకటికి పదిసార్లు అడిగాడు. ఐదో తరగతి దాకా చదివినదాన్ని, నేనేం చెప్పను? "మనకు అవదయ్యా. వాళ్లకు అవుతుందట" అన్నాను.

రెండోసారి నెల మొదలైంది. ఈసారి నేను ముందే ఇంటింటికీ వెళ్లి చెప్పొచ్చాను. ఈ నెల ఆ అమ్మాయి గడప ఎవరూ తొక్కకండి, ఏమీ అడక్కండి అని. మావాళ్లు ఏదైనా పట్టుకుంటే ఉడుంపట్టు. డబ్బు అడగొద్దంటే చారెడు చక్కెర కూడా అడగలేదు. ఇస్త్రీ బట్టలు తెచ్చిచ్చే పిల్లలు కూడా ఆ గుమ్మం ముందు నుంచి మునివేళ్ల మీద నడిచి వెళ్లారు.

"ఒక్కరూ తలుపు తట్టడం లేదు పెద్దమ్మా. బాకీలెగ్గొట్టినదాని ఇల్లులా ఉంది" అంది ఒకరోజు.

"మంచిదేగా. డబ్బు కదలకుండా ఉంది."

"డబ్బుతోపాటు నన్ను కూడా బ్యాంకులో వేసినట్టుంది" అని నవ్వింది. అది పూర్తిగా నవ్వు కాదు.

నెల చివరికొస్తుండగా ఒక పొద్దున ఆమె తన తెల్లకోటు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. కార్ఖానాలో వేసుకునే కోటు. వీపు మీద ఇస్త్రీపెట్టె ముక్కు ఆకారంలో గోధుమరంగు మచ్చ. నేను నమ్మలేకపోయాను. ఇన్నేళ్లలో ఇస్త్రీ బాబాయ్ ఒక్క బట్ట కాల్చలేదు. పట్టుబట్టల మీద కూడా ఆయన పెట్టె గాలిలా వెళ్తుంది.

ఇద్దరం గూటి దగ్గరికి వెళ్లాం. ఆయన బల్ల మీద చేయి ఆనించి నిలబడే కునుకుతున్నాడు. పెట్టె పక్కన ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

"బాబాయ్, ఒంట్లో బాగా లేదా?" అంది ఆమె.

ఆయన ఉలిక్కిపడి కోటు చూశాడు. ముఖం మాడిపోయింది. "కొత్తది కొనిస్తాను తల్లీ" అన్నాడు.

"కోటు సంగతి కాదు. ఎందుకింత నీరసంగా ఉన్నావు?"

ఆయన మళ్లీ పెట్టె అందుకోబోయాడు. నేను ఊరుకుంటానా? "ఏమయ్యా, చెప్తావా, ఇంటికెళ్లి నీ భార్యనడగనా?" అన్నాను. అప్పుడు చెప్పాడు. కొడుకు చేయి సరిగా అతుక్కోలేదు, లోపల పెట్టిన పట్టీ తీసి మళ్లీ వేయాలన్నారు. బీమా ఒక్కసారికే. సైకిల్ సామాన్ల దుకాణంలో వడ్డీలాయన దగ్గర రోజువారీ వడ్డీకి తెచ్చాడు. ఆ వడ్డీ కట్టడానికి రాత్రిళ్లు ఒక హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్నాడు. నెల కావస్తోందట. ఈ వీధిలో చీమ చిటుక్కుమన్నా నాకు తెలుస్తుందని అందరూ అంటారు, నాకే తెలియలేదంటే ఎంత గుట్టుగా మోశాడో చూడండి.

"నన్ను ఎందుకు అడగలేదు బాబాయ్?" అంది ఆమె.

"అడిగితే ఇచ్చేస్తావు తల్లీ. అందుకే అడగలేదు."

ఆమె చేతిలో ఫోన్ ఉంది. నేను ఫోన్ వైపే చూస్తున్నాను. ఆయన కూడా దానివైపే చూస్తూ, "ఇప్పుడు ముట్టుకున్నావంటే నేను రాత్రులు పడ్డదంతా గంగలో పోసినట్టే" అన్నాడు. అడిగాడో, ఆజ్ఞాపించాడో నాకు తెలియదు. ఆమె ఫోన్ కోటు జేబులో పెట్టుకుంది. కాలిన ఆ కోటే వేసుకుని పనికి వెళ్లిపోయింది.

ఆ తరవాతి రోజులు ఆమె ఎలా గడిపిందో నేను చూశాను. పనికి వెళ్లేటప్పుడు ఆ గూడు ముందు నుంచే వెళ్లాలి. ఆయన కళ్ల కింద నలుపు రోజురోజుకూ పెరిగేది. ఆమె అక్కడికి రాగానే అడుగు తడబడేది. చేతిలో డబ్బుంది, ఎదురుగా అవసరముంది, మధ్యలో ఏమీ చేయకుండా నడిచి వెళ్లాలి. బతుకులో అన్నీ చేసి నేర్చుకున్న మనిషికి, చేయకుండా ఉండడం ఎవరు నేర్పుతారు? నెల నిండాక కాగితాలు వెళ్లాయి. వీసా చేతికొచ్చేదాకా ముట్టొద్దని కన్సల్టెన్సీ ఆయన హెచ్చరించాడు. ఇంకొన్నాళ్లు ఆగింది. రోజుకింత చొప్పున అక్కడ వడ్డీ పెరుగుతూనే ఉంది. ఆ వడ్డీ ఆమె చదువు ఖర్చులో ఎవరూ రాయని పద్దు.

నేను అప్పటిదాకా డబ్బు కదలకపోవడమంటే ఏదో గొప్ప భద్రత అనుకునేదాన్ని. ఒకచోట డబ్బు కదలకుండా ఉండాలంటే ఇంకోచోట ఒక మనిషి నిద్ర లేకుండా కదలాలని నాకు అప్పుడు తెలిసింది. వీసా కార్యాలయం వాళ్లను తప్పుపట్టను. ఈ అమ్మాయి అక్కడ పస్తులుండకూడదనే కదా వాళ్లు చూసేది. కానీ ఆమె ఎక్కడున్నా పస్తులుండనివ్వని మనుషులున్నారని ఏ బ్యాంకు కాగితం మీద పడుతుంది?

వీసా వచ్చింది. తమ్ముడు స్వీట్లు తేవడానికి పరిగెత్తాడు. ఆమె మాత్రం చెప్పులేసుకుని నా దగ్గరికొచ్చి, "పెద్దమ్మా, ఆ సైకిల్ దుకాణం నీకు తెలుసుగా?" అంది. తెలియకేం! ఇద్దరం వెళ్లాం. వడ్డీలాయన గొలుసుకు నూనె పెడుతూ లెక్క చెప్పాడు. నేను లెక్క తప్పని గొడవపడి కొంత తగ్గించాను, చిన్నప్పుడు నేర్చిన కూడికలు ఇంకా నా దగ్గరున్నాయి. ఆమె అసలూ వడ్డీ కట్టేసింది. ఆ దేశంలో చదువుకునేవాళ్లను వారానికి కొన్ని గంటలు పని చేసుకోనిస్తారట. ఈ లోటు పూడ్చడానికి ఆ గంటలన్నీ ఇప్పుడే ఖర్చయిపోయాయన్నమాట.

ఇస్త్రీ బాబాయ్‌కి తెలిసి మండిపడ్డాడు. ఆయన కోపం నేనెన్నడూ చూడలేదు. "నేను మోసిందంతా ఎందుకు? నువ్వు నిండుగా వెళ్లాలని కాదూ?" అని గూడు చెక్క తలుపు దబాలున మూసి, మూడు పూటలు ఆమెతో మాట్లాడలేదు. ఆమె కూడా తగ్గలేదు. "కూతురు చదువుకు వెళ్తుంటే తండ్రిని వడ్డీలాయనకు అప్పజెప్పి పోతుందా?" అని గూడు ముందే నిలబడి అరిచింది. వీధంతా విన్నది. బాబాయ్ మాట కాస్తా తండ్రి మాట అయిపోయిందని ఆయన తలుపు చాటునుంచి విన్నాడో లేదో నాకు తెలియదు. మర్నాడు తలుపు తెరిచాడు.

ప్రయాణానికి ముందు రోజు ఆమె పెట్టె సర్దుతూ అవస్థ పడుతోంది. విమానంలో ఇంత బరువుకి మించకూడదట. ఒక పెట్టెలో ఏడాది బతుకు పట్టాలి. తమ్ముడు పెట్టె మీద కూర్చుంటున్నాడు, మరదలు జిప్పు లాగుతోంది, అది రెండో వైపు నుంచి నోరు తెరుస్తోంది. అప్పుడు ఇస్త్రీ బాబాయ్ మెట్లెక్కి వచ్చాడు. "లేవరా" అని తమ్ముణ్ణి లేపి, అన్నీ బయటికి తీసి నేల మీద పరిచాడు. ఒక్కో బట్టా మోకాళ్ల మీద పెట్టుకుని, అరచేత్తో అదిమి, గాలంతా బయటికి తోసి మడతపెట్టాడు. ఆ మడతలు చూస్తే పుస్తకాలు పేర్చినట్టున్నాయి. మందమైన స్వెట్టర్లు కూడా ఆయన చేతిలో మెత్తబడి మాట విన్నాయి. అన్నీ పట్టాక ఒక మూల ఇంకా ఖాళీ మిగిలింది.

"ఇందులో ఏం పెడతావు?" అన్నాడు.

"ఇంకేం లేవు బాబాయ్."

"అయితే వచ్చేటప్పుడు మోకాలు పెట్టుకుని రా" అన్నాడు.

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. జిప్పు మూసి, పెట్టెను గోడకు నిలబెట్టి, దాని మీద చేయి పెట్టుకుని అడిగాడు. "అక్కడ ఎవరైనా చేబదులడిగితే?"

ఆమె తల వంచుకుంది.

"మొదటి ఏడాది ఎవరికీ ఇవ్వకు. నా మాట విను. రెండో ఏడాది నీ ఇష్టం."

"సరే బాబాయ్" అంది.

ఆ సరే అనేది ఎన్నాళ్లుంటుందో మాలో ఎవరికీ నమ్మకం లేదు. అయినా ఆమె ఆ మాట ఆయన కళ్లలోకి చూసి చెప్పింది. ఆయన తల ఊపి కిందికి దిగాడు. కాసేపటికి మెట్ల కింద నుంచి రేడియో వినిపించింది.